సగం గుండు పిల్ల

మా పాపకి పై పళ్ళు ముందొచ్చాయి. లోకంలో పిల్లలకి మామూలుగా కింద పళ్ళు ముందొస్తాయి కదా, మా పిల్ల మాత్రం పైన రెండు బియ్యపు గింజలు చూపించి నవ్వింది. మా అత్తగారు వేలు పెట్టి తడిమి చూసి, "అయ్యో అయ్యో, మేనమామకి గండం" అని తేల్చేశారు. మా ఇంట్లో గండాలకి కొదవ లేదు. ప్రతి గండానికీ ఆవిడ దగ్గర విరుగుడు కూడా సిద్ధంగా ఉంటుంది. ఈ గండానికి విరుగుడు, మేనమామ వెండి గిన్నె కొనిపెట్టడం.

మేనమామ అంటే మా తమ్ముడు. పాపకి ఉన్నది ఒక్కడే మేనమామ. అవనిగడ్డ పక్కన ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఒకప్పుడు కబడ్డీ ఆడేవాడు. వాడి చేతికి చిక్కినవాడు మళ్ళీ గీత దాటి వెళ్ళింది లేదు. ఉడుంపట్టు అని దివిసీమలో సగం ఊళ్ళు చెప్పుకునేవి, మిగతా సగం ఊళ్ళకి నేను చెప్పేదాన్ని. పళ్ళ సంగతి ఫోన్‌లో చెప్పగానే వాడు పకపకా నవ్వి, ఆదివారం పొద్దున్నే బండి మీద గుడివాడ వచ్చేశాడు. ఒక చేతిలో చక్కెరకేళి గెల, ఇంకో చేతిలో వెండి గిన్నె. చెప్పులు విప్పకుండానే పాపని ఎత్తుకుని తన చూపుడు వేలు దాని నోట్లో పెట్టాడు. "కొరుకు తల్లీ, ఆ గండమేదో ఇప్పుడే తేలిపోనీ" అన్నాడు. అది నిజంగానే కొరికింది. వాడు కెవ్వుమన్నాడు. మా అత్తగారు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

గుడివాడలో మా ఇల్లు. మా ఆయన ఇక్కడే బ్యాంకులో పనిచేస్తారు. నేను బందరు కోర్టులో గుమస్తాను. పొద్దున్న బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరతాను. పాప పగలంతా అత్తగారి దగ్గర. ఆదివారం మాత్రం మామది. వాడొచ్చాడంటే మాకెవరికీ పిల్ల దక్కేది కాదు. స్నానం వాడే, అన్నం వాడే, నిద్రపుచ్చడం వాడే. వాడి భుజం మీద గువ్వలా ఒదిగి పడుకుని చొక్కా అంతా చొంగ చేసేది. "ఏరా, నీకు పెళ్ళెప్పుడురా, పిల్లలెప్పుడురా" అంటే, "ఇదుందిగా" అనేవాడు.

పదకొండో నెల వచ్చింది. మా వాళ్ళకి పుట్టువెంట్రుకలు మోపిదేవి స్వామి గుళ్ళోనే తీయించాలి, అదీ బేసి నెలలోనే తీయించాలి, అదీ మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకునే తీయించాలి. ఈ మూడూ మా అత్తగారికి చట్టంతో సమానం. కోర్టులో పనిచేసే నేనే ఒప్పుకుంటున్నాను, మా చట్టాలకి అంత పట్టింపు లేదు. సరే, ముహూర్తం పెట్టారు, కారు మాట్లాడారు, తెల్లవారుతూనే బయల్దేరాం.

పాప పొద్దున్నుంచీ చిరాగ్గానే ఉంది. పామర్రు దాటాక ఒళ్ళు కాస్త వెచ్చగా తగిలింది నాకు. "నిద్ర చాల్లేదు అమ్మాయ్, పైగా కారులో ఉక్క" అన్నారు అత్తగారు. నాకూ అలాగే అనిపించింది. మోపిదేవి చేరేసరికి ఏడుపు లంకించుకుంది. ఏడిస్తే ఒళ్ళు వేడెక్కదా మరి? పిల్లల సంగతి మాకేం కొత్తా అన్నట్టు అందరం ఒకళ్ళకొకళ్ళం సర్దిచెప్పుకున్నాం.

గుండ్లు చేసే చోట చూడాలి. ఆ గోల వింటే రాళ్ళు కూడా చెవులు మూసుకుంటాయి. వరసగా మేనమామలు, ఒక్కొక్కళ్ళ ఒళ్ళో ఒక్కో పిల్లో పిల్లాడో, అందరూ గుక్కపట్టి ఏడుపే. చుట్టూ అమ్మలు, అమ్మమ్మలు, నానమ్మలు, "కదలనీకు, కదలనీకు" అని అరుపులు. పదునైన కత్తి కదా, పిల్ల తల తిప్పిందంటే తెగుతుంది. అందుకని గట్టిగా పట్టుకోవడమే అక్కడ మేనమామ ఉద్యోగం. మా తమ్ముడు కొత్త పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. ముందుగా వాడే కత్తెరతో మూడు పాయలు కత్తిరించాడు. అవి కత్తిరించేటప్పుడు వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చాల్లేరా, పెళ్ళి చేసి పంపిస్తున్నట్టు" అని నేను ఆటపట్టించాను. మా ఆయన ఫోన్‌లో వీడియో తీస్తున్నారు.

గుండు చేసే ఆయన తల తడిపి ఎడమవైపు మొదలుపెట్టాడు. పాప కేకలు పెడుతూ గింజుకుంటోంది. తమ్ముడు దాని రెండు చేతులూ ఒక చేత్తో, గడ్డం ఇంకో చేత్తో పట్టుకున్నాడు. ఎడమవైపు అయింది. కుడివైపుకి వస్తున్నాడనగా పిల్ల ఒక్కసారి కర్రలా బిగుసుకుపోయింది. మొండికేసిందనుకున్నాం. అక్కడున్న ప్రతి పిల్లా అలాగే బిగుసుకుంటోంది మరి. "గట్టిగా పట్టుకోరా, కత్తి తగులుద్ది!" అని అందరం ఒకేసారి అరిచాం. ఆ వీడియోలో వినిపించే గొంతుల్లో అన్నిటికన్నా పెద్దది నాదే. వాడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

కత్తి పట్టుకున్నాయన చెయ్యి ఆగింది. "అమ్మగారూ, పాప ఏడవటం లేదండీ" అన్నాడు.

అప్పుడు చూశాను. కళ్ళు పైకి తేలిపోయి తెల్లగుడ్లు కనిపిస్తున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. నోటి చివర నురగ. వాడి పిడికిట్లోనే దాని చేతులు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఎవరో తాళాల గుత్తి తెచ్చి పాప అరచేతిలో కుక్కారు. ఇంకెవరో ఉల్లిపాయ, ఉల్లిపాయ అంటూ పరిగెత్తారు. అత్తగారు స్వామివారి వైపు తిరిగి ఏదేదో మొక్కుకుంటున్నారు. నేను నేల మీద కూలబడ్డాను. మా తమ్ముడు మాత్రం పట్టు వదల్లేదు. వదలమని వాడికి ఎవరూ చెప్పలేదు. అలా పట్టుకునే కారెక్కాడు, అలా పట్టుకునే అవనిగడ్డ దాకా వచ్చాడు. దారి మధ్యలో పిల్ల ఒళ్ళు ఒక్కసారి మెత్తబడి తల వాలిపోయింది. పోయిందనుకున్నాను.  తమ్ముడు దాని ముక్కు దగ్గర చెవి పెట్టి, "ఊపిరుంది అక్కా, ఊపిరుంది" అని ఏడ్చాడు.

ఆస్పత్రిలో జ్వరం చూశారు. ఒళ్ళు కాలిపోతోంది. జ్వరానికి మందిచ్చారు, మెడ కదిపి చూశారు, రక్తం తీశారు. కాసేపటికి పాప కళ్ళు తెరిచి మా అందర్నీ చూసి రాగం అందుకుంది. ఏడుపు అంత తియ్యగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. నర్సమ్మ దాని తల చూసి, "ఇదేంటండీ, సగమే చేశారు?" అంది. నిజమే, ఎడమవైపు నున్నటి గుండు, కుడివైపు ఒత్తయిన జుట్టు. ఎవరికీ నవ్వు రాలేదు. చొక్కా విప్పి ఒళ్ళు తుడుస్తుంటే పాప రెండు చేతుల మీదా వేళ్ళ ముద్రలు ఎర్రగా తేలి ఉన్నాయి. మా తమ్ముడు వాటి వంక చూశాడు. తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత బయటికి వెళ్ళి వరండాలో కూర్చున్నాడు.

మర్నాడు గుడివాడలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. పెద్దావిడ, నిదానంగా మాట్లాడుతుంది. వీడియో అడిగి రెండుసార్లు చూసింది. "ఇక్కడ మొదలైంది చూడండి" అని చూపించింది. మేం మొండితనం అనుకున్న చోటే.

"జ్వరానికి వచ్చే ఫిట్స్ అమ్మా ఇవి" అంది. "ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో కొందరికి వస్తాయి. ఆ వయసులో మెదడు లేతగా ఉంటుంది. జ్వరం వచ్చినప్పుడు తట్టుకోలేక ఒక్కసారి అలా కుదుపుతుంది. చూసేవాళ్ళకి ప్రాణం పోతున్నట్టే ఉంటుంది గానీ, మామూలుగా కాసేపట్లో దానంతట అదే ఆగిపోతుంది. ఇలా కాసేపు వచ్చి ఆగిపోయేవాటివల్ల మెదడుకేం కాదు, చదువుకేం కాదు. మీరు భయపడుతున్న మూర్ఛ జబ్బు వేరు, ఇది వేరు."

"మళ్ళీ వస్తాయాండీ?" అని అడిగారు అత్తగారు.

"రావచ్చు. కొందరికి రెండోసారీ వస్తాయి. జ్వరం మందు వేసినా సరే రావచ్చు, కాబట్టి సమయానికి మందు వెయ్యలేదని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోకండి. వస్తే ఏం చెయ్యాలో వినండి. నేల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చుట్టుపక్కల తగిలేవి తీసేయండి. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు, ఏదీ పెట్టకూడదు. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైనా, తర్వాత పిల్ల తెలివిలోకి రాకపోయినా, ఉన్నపళంగా ఆస్పత్రికి పరిగెత్తండి. లేదంటే ఆగిన తర్వాత నెమ్మదిగా తీసుకురండి, జ్వరం ఎందుకొచ్చిందో చూస్తాను."

"చేతిలో తాళాలు పెడితే..."

"తాళాలు పోతాయమ్మా, ఇంకేం కాదు" అంది డాక్టరమ్మ. అత్తగారు మూతి ముడుచుకున్నారు.

అప్పటిదాకా గుమ్మం బయట నిలబడి ఉన్న మా తమ్ముడు లోపలికి ఒక అడుగు వేశాడు. "డాక్టరుగారూ, నేను చాలాసేపు గట్టిగా పట్టుకున్నానండీ. దానివల్లేనా?"

ఆవిడ వాడి వైపు తిరిగింది. "కాదు బాబూ. జ్వరం వల్ల వచ్చింది. మీరు పట్టుకున్నందుకు రాలేదు, పట్టుకుంటే ఆగేదీ కాదు. కాకపోతే ఇంకోసారి వస్తే అదిమి పట్టుకోకండి. కాళ్ళూ చేతులూ వాటి దారిన వాటిని కొట్టుకోనివ్వండి. పక్కన ఉండండి, అంతే."

నేను ఊపిరి పీల్చుకున్నాను. అన్నిటికీ సమాధానం దొరికిందనుకున్నాను. మా వాడికి మాత్రం ఆవిడ అన్న అన్ని మాటల్లోనూ పట్టుకోకండి అన్న ఒక్క మాటే చెవికెక్కింది.

తర్వాతి ఆదివారం వచ్చాడు. చక్కెరకేళి గెల గుమ్మం దగ్గర పెట్టి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాప బిరబిరా పాకుతూ వెళ్ళి వాడి మోకాలు పట్టుకుని లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తింది. ఎత్తుకోమని. వాడు లేచాడు. ఫోన్ మోగకపోయినా చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు. పాప ఆ చేతులు అలాగే ఎత్తిపెట్టి గుమ్మం వంక చూసింది. ఇంకో ఆదివారం, ఆ పై ఆదివారం, అదే తంతు. పండు ఒలిచి దూరం నుంచి అందించేవాడు. కబుర్లు చెప్పేవాడు. కోడిపుంజులా కూసి నవ్వించేవాడు. చెయ్యి మాత్రం వేసేవాడు కాదు. అది వాడి ప్యాంటు పట్టుకుని లాగి లాగి, ఆఖరికి నేల మీద బోర్లాపడి ఏడ్చేది.  ఫిట్స్ వచ్చిన రోజు కన్నా ఆ ఆదివారాలే నన్ను ఎక్కువ ఏడిపించాయి.

ఇక సగం గుండు సంగతి. పాప తేరుకున్నాక మిగతా సగం ఇంట్లోనే తీయించేద్దాం అన్నాను నేను. మా అత్తగారు ససేమిరా అన్నారు. "పదకొండో నెల దాటింది. ఇక పదమూడో నెలే. మేనమామ ఒళ్ళో మొదలైంది, మేనమామ ఒళ్ళోనే పూర్తవ్వాలి" అన్నారు. పోనీ ఆ కుడివైపు కాస్త కత్తిరించి సమం చేస్తానంటే కత్తెర లాక్కున్నారు. మొక్కు సగంలో ఉండగా కత్తెర పెడతావా అని నా మీద గయ్యిమన్నారు. దాంతో మా పిల్ల ఒకవైపు నూగు, ఇంకోవైపు చెవి మీద పడే ఉంగరాల జుట్టుతో గుడివాడ వీధుల్లో ఊరేగింది. టోపీ పెడితే తీసి విసిరేసేది. కూరగాయలబ్బాయి దగ్గర్నుంచి ఇస్త్రీ బండావిడ దాకా అందరూ ఆగి అడిగేవాళ్ళు.

మొదట్లో అత్తగారు ఫిట్స్ అన్న మాట పొక్కనిచ్చేవారు కాదు. "ఆడపిల్లమ్మా, రేపు సంబంధాలప్పుడు ఎవరో ఒకళ్ళు గుర్తుపెట్టుకుంటారు" అని నా చెయ్యి గిల్లేవారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "పదకొండు నెలల పిల్లకి సంబంధాలేంటి అత్తయ్యా? రేపు నేను బందర్లో ఉండగా, మీరు గుళ్ళో ఉండగా వస్తే ఎదురింటావిడే కదా చూడాలి? ఆవిడకి తెలియకపోతే చెంచా తెచ్చి నోట్లో కుక్కదా?" అని అరిచాను. ఆవిడ ఆ పూట నాతో మాట్లాడలేదు. మర్నాడు నేను బస్సు దిగి వస్తుంటే ఎదురింటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని, "నోట్లో ఏం పెట్టకూడదు, పక్కకి తిప్పాలి, గడియారం చూడాలి" అని వేళ్ళు ముడుస్తూ చెబుతున్నారు. ఎవరో తాళాల మాట ఎత్తితే, "తాళాలు పోతాయమ్మా, ఇంకేం కాదు" అన్నారు, అచ్చం డాక్టరమ్మలాగే. ఆవిడ మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

పోనిది మా తమ్ముడి భయం. ఒక ఆదివారం నేనిక తట్టుకోలేక దులిపేశాను. "ఏంట్రా నీ వేషాలు? డాక్టరమ్మ చెప్పలేదూ నీ తప్పేం లేదని? పిల్లని చూడు ఎలా ఏడుస్తోందో. రాతి గుండె అయిందా నీది?"

వాడు ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. అదే వీడియో. మా ఆయన ఎప్పుడు పంపారో, వాడు దాన్ని దాచుకున్నాడు. "ఎంతసేపు పట్టుకున్నానో చూడు అక్కా. అది ప్రాణం కోసం కొట్టుకుంటుంటే నేను కబడ్డీ ఆడాను. నాకు గండం అన్నారు మీ అత్తయ్యగారు. నేనే దానికి గండమయ్యాను."

ఫోన్ లాక్కుని ఆ వీడియో తీసేశాను. వాడు చేతులు చాపి చూపించాడు. "తీసేస్తే మాత్రం? వీటికి గుర్తుండదా?" అన్నాడు.  వాడికి కాఫీ పెట్టిస్తానని వంటింట్లోకి వెళ్ళి గ్యాసు వెలిగించకుండా నిలబడిపోయాను. వీడు మేనకోడలికి దూరమైపోతాడు, అది వీడిని మరిచిపోతుంది, పసిపిల్లలు మరిచిపోవడానికి ఎంతసేపు? అదీ నా బెంగ.

పదమూడో నెల దగ్గర పడింది. అత్తగారు రోజు చూసి వాడికి ఫోన్ చేశారు. బావ ఒళ్ళో కూర్చోబెట్టి కానిచ్చేయమని వాడు బతిమాలాడు. "మేనమామ నిక్షేపంలా ఉండగా నాన్న ఒళ్ళో ఎందుకయ్యా? నువ్వు రానంటే దీనికి సగం గుండుతోనే పెళ్ళి చేస్తాను, చూసుకో" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు. పెట్టేశాక నా వంక తిరిగి, "వస్తాడంటావా?" అని చిన్నపిల్లలా అడిగారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నేను చూడటం అదే మొదటిసారి.

ఆ రోజు ఇంకా రాకముందే, ఒక ఆదివారం పాపకి మళ్ళీ జ్వరం. ముందు రోజు నుంచీ జలుబు. పొద్దున డాక్టరమ్మకి ఫోన్ చేస్తే మందు చెప్పి, నీళ్ళు పాలు బాగా పట్టమంది, సాయంత్రం చూపించమంది. మందు పడ్డాక కాస్త తెప్పరిల్లి ఆడుకుంది కూడా. తప్పించుకోలేని పెళ్ళి ఒకటి ఉంటే మా అత్తగారిని మా ఆయన భోజనానికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం తమ్ముడు వచ్చి అలవాటు ప్రకారం గుమ్మం దగ్గర కూర్చున్నాడు. పాప హాల్లో చాప మీద నిద్రపోతోంది. ఇంతలో మబ్బు పట్టింది. డాబా మీద అత్తగారు పెట్టిన వడియాలు ఉన్నాయి. అవి తడిస్తే ఇంట్లో ఎవరికీ బతుకు ఉండదు.

"వడియాలు తీసుకొస్తాను, పాపని చూస్తుండు" అన్నాను.

వాడి ముఖం పాలిపోయింది. "తొందరగా వచ్చెయ్ అక్కా" అన్నాడు.

"ఎత్తుకోనక్కర్లేదు. చూస్తే చాలు" అని విసురుగా అనేసి మెట్లెక్కాను. సగం వడియాలు కూడా తియ్యలేదు, కింద నుంచి పిలుపు వినిపించింది. కేక కాదు. మామూలుగా, కాస్త గట్టిగా, "అక్కా, కిందకి రా" అన్నాడు. ఆ మామూలుతనానికే చేతిలో వడియాలు వదిలేశాను. మెట్లు ఎలా దిగానో తెలియదు.

పాప చాప మీద ఎడమ పక్కకి తిరిగి ఉంది. తల కింద వాడి తువ్వాలు మడత. పక్కనుండే స్టీలు చెంబు, పీట, బొమ్మలు అన్నీ గోడ వారకి జరిగి ఉన్నాయి. కళ్ళు తేలిపోయి, కాళ్ళూ చేతులూ టకటకా కొట్టుకుంటున్నాయి. అదే ముఖం, అవే నల్లబడ్డ పెదాలు. దానికి బెత్తెడు దూరంలో మా తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఒక చేత్తో ఇంకో చెయ్యి మణికట్టు పట్టుకున్నాడు. ఎంత గట్టిగానంటే వేళ్ళు తెల్లబడ్డాయి. చూపు ఒకసారి గోడ గడియారం మీద, ఒకసారి పిల్ల మీద.

ఆ రెండు నెలల్లో డాక్టరమ్మ మాటలు ఎన్నిసార్లు వల్లించానో లెక్కలేదు. వాడికి చెప్పాను, ఎదురింటావిడకి చెప్పాను, బందరు కోర్టులో నా పక్క సీటావిడకి కూడా చెప్పాను. ఆ క్షణంలో ఒక్క మాట గుర్తుంటే ఒట్టు. "అమ్మో నా తల్లీ" అంటూ పిల్ల మీద పడబోయాను, గుండెకి అదుముకుందామని.

వాడి చెయ్యి అడ్డం వచ్చింది. పాపకి కాదు, నాకు. "పట్టుకోకు అక్కా. రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆగిపోతుంది. పక్కన కూర్చో."

"ఆగకపోతే?"

"అయిదు అయిందంటే ఎత్తుకుని పరిగెడదాం. బండి తాళాలు జేబులోనే ఉన్నాయి. ఇప్పుడు మాత్రం కూర్చో."

కూర్చున్నాను. వాడి భుజం పట్టుకుని కూర్చున్నాను. వాడు పాప వైపు వంగి, దాన్ని తాకకుండా, "మామ ఇక్కడే ఉన్నాడు, మామ ఇక్కడే ఉన్నాడు" అని అంటూనే ఉన్నాడు. వాడి బుగ్గల మీద నుంచి నీళ్ళు కారి చాప మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. తుడుచుకోవాలంటే ఆ చేతిని వదలాలి. బయట చినుకులు మొదలైన చప్పుడు వినిపించింది. వడియాలు పోతే పోయాయి.

పాప చేతులు నెమ్మదించాయి. ఒక కుదుపు, కాస్త ఆగి ఇంకో చిన్న కుదుపు, తర్వాత ఏమీ లేదు. ఒళ్ళంతా మెత్తబడింది. పెద్దగా ఒక ఊపిరి తీసి వదిలింది. పెదాలకి మెల్లగా రంగు వచ్చింది. కాసేపటికి కనురెప్పలు కదిలాయి. కళ్ళు విప్పి ఎటో చూసింది, నన్ను చూసింది, వాణ్ణి చూసింది. పెదవి విరిచి, నీరసంగా ఏడుస్తూ వాడి వైపు చెయ్యి ఎత్తబోయింది. ఆ చెయ్యి సగం లేచి పడిపోయింది.

మా తమ్ముడు గడియారం వంక చూశాడు. అప్పుడు తన మణికట్టు వదిలాడు. దాని మీద తన వేళ్ళ ముద్రలే ఎర్రగా పడి ఉన్నాయి. రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకుని, పాప మీదకి వంగి ఆగిపోయాడు. నా వంక తిరిగాడు.

"ఇప్పుడు ఎత్తుకోవచ్చా అక్కా?" అని అడిగాడు.

నేను పక్కకి జరిగాను.